ఆదివారం సాక్ష్యం

“మగపిల్లగాడంటివి గద!” నర్సు చేతిలోని ఆడపిల్లను చూసి హన్నమ్మ కోడలి మీద అరిచింది. “స్కానింగుల డాక్టరమ్మ చెప్పిందంటివి!”

“ఆమె ఏం చెప్పలే అత్తమ్మా. చెప్తే జైలని గోడ మీది బోర్డు చూపింది,” అంది లిడియా. “మగపిల్లగాడని నేనే చెప్పిన.”

“గింత అబద్ధమా? ప్రభువు చూడడా?”

“నిరుడు గూడ చూసిండు. గోదావరి అవతలి దవాఖానకు తోల్కపోయి, దొంగతనంగ స్కానింగు చేయించి, ఆడపిల్లని తీయించేస్తిరి. తండ్రి బొగ్గుబాయి నౌకరి కొడుక్కే వస్తది, బిడ్డకు రాదంటిరి. మీ కొడుక్కేమో కడుపు దానంతటదే పోయిందని చెప్తిరి.”

హన్నమ్మ తలుపు వైపు చూసింది. కొడుకు తీతు గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చే వేళయింది.

మగపిల్లవాడని విన్నప్పటి నుంచి ఈ నాలుగు నెలలూ ఆమె కోడలికి రోజూ గుడ్డు ఉడకబెట్టి పెట్టింది, బిందె ఎత్తనివ్వలేదు. మనుమడు పుడుతున్నాడని చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. లిడియా నోరు మెదపకుండా ఈ రోజు కోసమే కాచుకుంది.

“ఆదివారం మళ్ల సాక్ష్యం చెప్పుండ్రి,” అంది ఇప్పుడు, నర్సు చేతిలోంచి పసిదాన్ని అందుకుంటూ. “నాకు ఇద్దరు మనుమరాండ్లని చెప్పుండ్రి.”

హన్నమ్మ మంచం అంచున కూలబడింది.

“దేవుడు నన్ను క్షమిస్తడంటవా?”

పసిదాని కోసం చేతులు చాచింది. లిడియా ఇవ్వలేదు.

“ఆయన సంగతి తర్వాత. ముందు నన్నడుగుండ్రి.”