బ్రూనో బెల్టు

"వదల్రా! వదలు నాయనా!"

బెంజమిన్ ఎంత లాగితే బ్రూనో అంత గట్టిగా బెల్టును కరచుకుంది. ప్రొద్దుటూరులో పొద్దున్నే ఉగ్గాని బజ్జీ కోసం చేరిన జనం ప్లేట్లు చేతిలో పట్టుకుని తమాషా చూస్తున్నారు. బెల్టు ఒక కొస కుక్క నోట్లో ఉంది, ఇంకో కొస ఆఫీసు అటెండరు చేతిలో ఉంది. ఎవరు ఎవరిని తిప్పుతున్నారో చెప్పడం కష్టం.

"ఏమప్పా, మీ పెద్ద సారు కుక్కనా?" బాణలి ముందు నుంచి రమణమ్మ అడిగింది.

"సారుది కాదక్కా, మేడమ్‌ది."

"అయితే ఇంగా కష్టమే పో!"

అంతలో బెల్టు పుటుక్కున తెగింది. బ్రూనో తెగిన ముక్కతో గాంధీ రోడ్డు మీద పరుగు తీసింది. వెనకే బెంజమిన్. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. పులివెందులలో పుట్టింట్లో ఉన్న భార్య వనజ.

"యాడుండావు?"

"కుక్క యెనకాల ఉరుకుతాండా."

"డాక్టరమ్మ ఈ నెలాఖరు లోపల అంటాంది. నాకు శానా భయంగా ఉందప్పా. నేను కనేలోపలన్నా ఆ కుక్క నిన్ను ఇడ్సిపెడుతుందా, లేదా?"

తొలి కాన్పు. పక్కన ఉండాలని బెంజమిన్ ప్రాణం కొట్టుకుంటోంది. పెద్ద సారు బంగళాలో డ్యూటీ వేసినవాళ్ళకు అదేం పట్టదు. అతన్ని ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు ఫైళ్ళు మోయగలవా అని అడిగారు గానీ, కుక్కను తిప్పగలవా అని ఒక్కరూ అడగలేదు.

బ్రూనోను పట్టుకుని బంగళాకు చేరితే, తెగిన బెల్టు చూసి మేడమ్ తల కొట్టుకుంది. "మళ్ళీనా! బెంజమిన్, నీకో మాట చెబుతున్నా. దీని చేత ఈ కొరుకుడు మాన్పించు. సారుతో చెప్పి నిన్ను పులివెందుల ఆఫీసుకు వేయిస్తా."

"నిజంగానా మేడమ్?"

"నా మాట సారు ఎప్పుడైనా కాదన్నారా?"

అది నిజమే. బెంజమిన్ ఆ రోజే రంగంలోకి దిగాడు. కొత్త బెల్టుకు వేపనూనె పూశాడు. బ్రూనో ఒకసారి తుమ్మి, తీరిగ్గా కొరికింది. కారం పట్టించాడు. కుక్కకు ఏమీ కాలేదు గానీ, అదే చేత్తో కళ్ళు తుడుచుకుని బెంజమిన్ నడిరోడ్డు మీద గంతులేశాడు. ఇనప గొలుసు తెస్తే, "దాని పళ్ళు ఊడిపోవూ!" అని మేడమ్ తిట్టింది.

విసుగెత్తి ముబారక్‌కు ఫోను చేశాడు. బెంజమిన్ కంటే ముందు ఈ బంగళా డ్యూటీ చేసి, ఇప్పుడు పులివెందుల ఆఫీసులో హాయిగా ఉన్నది అతనే.

"మామా, నువ్వు ఆడికి పోయేదానికి ఎవురితో చెప్పించుకున్యావు? నాకూ ఆ దారి చూపియ్యి."

"ఎవురూ చెప్పలేదప్పా. నువ్వు ఆ కుక్కతో పెనుగులాడొద్దు. కొరుకుతాంటే కొరకనీ. అన్నీ ఫోన్లో చెప్పే మాటలు కాదు."

"నీకేం మామా! ఫ్యాను కింద కూర్చోని బాగా చెప్తాండావు."

బెంజమిన్‌కు ఒళ్ళు మండింది. ఫోను పెట్టేశాడు. బయటపడ్డవాడికి లోపలివాడి బాధ ఏం తెలుస్తుంది అనుకున్నాడు.

ఆ సాయంత్రం బ్రూనో మళ్ళీ బెల్టు అందుకుంది. లాగే ఓపిక లేక బెంజమిన్ ఉన్నచోటే నిలబడిపోయాడు. కుక్క వైపు కూడా చూడలేదు. కాసేపటికి బ్రూనో బెల్టు వదిలేసి, ఏమైంది నీకు అన్నట్టు మొహంలోకి చూసింది. అప్పుడు వెలిగింది అతనికి. తాను లాగితేనే దానికి ఆట! లాగకపోతే ఆటే లేదు.

మర్నాటి నుంచి లాగడం మానేశాడు. భుజం మీది పాత తువ్వాలు గట్టిగా ముడివేసి దాని నోటికిచ్చాడు. తువ్వాలు మోసే గొప్ప పనిలో పడి బ్రూనో బెల్టు సంగతే మరచిపోయింది. చూస్తుండగానే అదే అలవాటైంది.

"పెండ్లికొడుకు మాదిరి నడుస్తాండాదే!" అని రమణమ్మ ముక్కున వేలేసుకుంది. బెంజమిన్ ఛాతీ ఉప్పొంగింది. ఆ పూటే బట్టలు సర్దుకుని వనజకు ఫోను చేశాడు.

"ఈ వారంలో ఆడుంటా. ఇంగ భయపడొద్దు."

"దేవుడు నా ప్రార్థన ఇన్యాడు," అని వనజ ఏడ్చేసింది.

మరునాడు పొద్దున మేడమ్ సారును గేటు దాకా లాక్కొచ్చి చూపించింది. బ్రూనో బుద్ధిగా నడిచి వచ్చింది. బెల్టు మీద పంటి గాటు లేదు. సారు చప్పట్లు కొట్టాడు.

"శభాష్! దీన్ని దారిలో పెట్టినవాడివి నువ్వొక్కడివేనయ్యా."

"అయితే సార్, పులివెందుల..."

"ఇంకెక్కడి పులివెందుల?" మేడమ్ నవ్వింది. "నీ బదిలీ కాగితం నిన్ననే ఆపించేశా. ఇంత బాగా చూసుకునేవాణ్ణి ఎవరైనా వదులుకుంటారా? మాకు ఎక్కడికి బదిలీ అయినా నువ్వు మాతోనే."

బ్రూనో తువ్వాలును బెంజమిన్ కాళ్ళ దగ్గర పెట్టి తోక ఊపింది. దాన్ని చూస్తే కోపం రావాలి గానీ, ఏడుపొచ్చింది. గోడ చాటుకు పోయి ముబారక్‌కు ఫోను చేశాడు.

"మామా, కుక్క చేత కొరికేది మాన్పించినా. అయినా నన్ను పంపీలేదు మామా!"

అవతల ముబారక్ అరిచాడు.

"మాన్పించినావా? యా అల్లా! 'నీ చేతిలో కుక్క చెడిపోయింది, పులివెందులకు పో' అని మేడమ్ నన్ను తరమాలని, దానికి ఆ కొరుకుడు నేర్పించిందే నేను కదప్పా!"