కర్రోడి గోలీలు

"ఇంట్ల ఉన్న నొప్పుల గోలీ ఏదన్న వేసినవా అవ్వా? దాచకుండ చెప్పు."

పశువుల దవాఖాన బల్ల మీద కర్రోడి వెనక కాలు మెల్లగా వంచి చూస్తూ అడిగింది డాక్టర్ ఉమేరా. ముసలి కుక్క మూలిగింది. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డ హన్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"వేద్దమన్నా ఒక్కటి లేదు బిడ్డా. గోలీలు మింగి మింగి నా కిడ్నీలు ఖరాబైనయని పెద్ద దవాఖానల చెప్పిండ్రు. మా కోడలు నవనీత ఉన్నయన్ని పెంటకుప్పల పారేసింది. నేనడిగితే ఇయ్యొద్దని మెడికల్ షాపు ప్రేమ్ కుమార్‌కు గూడ చెప్పిపెట్టింది."

"నీ కోడలు ఈ కుక్కను బతికించింది," అంది ఉమేరా.

మొన్ననే ఒకాయన కుక్కకు మనుషుల గోలీ మింగించి తెచ్చాడట. రక్తం కక్కి ఈ బల్ల మీదే పోయిందట. మనకు నొప్పి తగ్గించేది వాటి కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీలను తినేస్తుంది. రోజుకు పదిమందికి ఇదే చెప్పీ చెప్పీ ఉమేరా గొంతు అరిగిపోయింది.

హన్మమ్మ చెవి ఒగ్గి వింది. మరి నువ్విచ్చేది కిడ్నీలను ఏం చెయ్యదా అని అడిగింది. ఇది కుక్కల కోసమే చేసింది, తూకం చూసి కొలిచి ఇస్తున్నాను, చెప్పినంతే వేస్తే భయపడే పని లేదంది ఉమేరా.

"రేపటికి నొప్పి తగ్గుతదా?"

"ఏంది అంత తొందర?"

"రేపటి సంది సీడ్ పత్తి చేన్ల క్రాసింగ్ షురూ. పొద్దు గూకెదాక పువ్వు పువ్వుకూ పుప్పొడి రుద్దుకుంట తిరగాలె. ఈ పని పోతే మళ్ల ఏడాది దాక పనే లేదు. చేన్ల పాములున్నయి, వీడు ముందల నడవకుంటే నేను పోలేను."

ఉమేరా ఐదు గోలీలు పొట్లం కట్టింది.

"యాభై కిలోలున్న కుక్కకైతే ఎన్ని ఇస్తరు బిడ్డా?"

"యాభై కిలోలా? అది కుక్కనా, దూడనా?"

ఇటిక్యాలలో తన తమ్ముడి దగ్గర ఉందంది హన్మమ్మ. చూడకుండా ఒక్క గోలీ కూడా ఇవ్వను, దాన్ని ఇక్కడికే తెమ్మంది ఉమేరా.

"దీనికి మాత్రం తిన్నంక పొద్దున సగం, మాపు సగం. కక్కినా, నల్లగ దొడ్డికి పోయినా బంద్ చేసి తీస్కరా."

ఆటో దిగి ఇంటిదాకా నడిచేసరికి హన్మమ్మ, కర్రోడు ఇద్దరూ రెండుసార్లు కూలబడ్డారు. పక్కింటి అరుగు మీద కూర్చున్న మల్లయ్య చూసి, ఎవర్ని ఎవరు నడిపిస్తుండ్రు అని ఎగతాళి చేశాడు. హన్మమ్మ మోకాలు పట్టుకుని లేచి మళ్లీ నడిచింది.

నవనీత ఇంకా కూలి నుంచి రాలేదు. హన్మమ్మ తాళం తీసి, గిన్నెలోని జొన్నరొట్టెను రెండు ముక్కలు చేసింది. ఒకటి కర్రోడికి పెట్టి, ఒకటి తను నమిలింది. గోలీని గీత దగ్గర విరిచి, సగాన్ని రొట్టె ముద్దలో దాచి వాడి నోటికి అందించింది. వాడు గుటుక్కున మింగి గడపకు అడ్డంగా పడుకున్నాడు.

మిగతా సగం హన్మమ్మ మింగింది.