ఎవరి బిడ్డనో

"బోర్డో వైన్ ఏ ద్రాక్షతోని చేస్తరు?" తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ భూగోళం పుస్తకం తిప్పుతూ అడిగాడు.

"కాబర్నే సార్. బర్గండీలనైతే పీనో," పక్కూరి నుంచి వచ్చి చొప్పదండి బడిలో కొత్తగా చేరిన అనసూర్య గడగడా చెప్పింది. పొద్దున కల్లు కోసం తాళ్లు గీయబోయే ముందు బాపు ఆ పేర్లన్నీ వంకరటింకరగా పలికి ఆమెను నవ్వించాడు.

"శాబాష్! మీ బాపు ఏం జేస్తడు?"

పటేండ్ల ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

"ఎవుసం సార్," అంది అనసూర్య, నేల చూస్తూ.

తలెత్తేసరికి గుమ్మంలో బాపు ముత్యం నిలబడి ఉన్నాడు. నడుముకు గీతకత్తి, చేతిలో కల్లులొట్టి. ఇన్‌స్పెక్టర్ కోసం హెడ్‌మాస్టరే తెప్పించాడు.

"విన్నవా ముత్యం? గీ పిల్ల ఫ్రాన్సు కల్లు ముచ్చట జెప్తున్నది," అని నవ్వాడు హెడ్‌మాస్టర్. "నీకు పిల్లలు లేరా? బడికి తోలరాదు?"

"ఉన్నది సారూ, ఒక్కతే. ఇంటికాడ్నే ఉంటది."

ముత్యం లొట్టిని మెల్లగా కింద పెట్టాడు.

"గీమె ఎవరి బిడ్డనో గని, జర గూడ తడబడకుంట జెప్పింది," అని, ఆమె వైపు చూడకుండానే మెట్లు దిగిపోయాడు.

"ఇగ కూసో బిడ్డా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అనసూర్య నిలబడే ఉంది.