కుర్చీ వయసు

"ఇది దొంగాట మేడమ్," అన్నాడు మాస్టారు, గోడ మీది పెద్ద తెర వైపు వేలు చూపిస్తూ. "చేత్తో గీసింది కాదు. ఈ కొత్తమ్మాయి ఎక్కడో పాత కుర్చీని ఫోటో తీసి తెచ్చి అతికించింది."

ఎడిటింగ్ గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఫర్నిచర్ కేటలాగులు తయారుచేసే ఆఫీసు అది. పని పలచగా ఉందని మేనేజరు మేడమ్ సరదాగా ఒక పోటీ పెట్టింది. అందరికీ ఒకే కొత్త టేకు కుర్చీ ఫోటో ఇచ్చింది. దాన్ని కంప్యూటర్లోనే పాతది చెయ్యాలి. ప్రతి గీతా సొంతంగా గీయాలి, నిజమైన పాత కుర్చీ ఫోటోలోంచి ఒక్క ముక్క కూడా తీసుకోకూడదు. గెలిచినవాళ్ళకి వేరే ఊళ్ళో మూడు నెలల శిక్షణ, ఉండడానికి కంపెనీ గది.

మూడు నెలలు ఇల్లు వదిలి ఎవరు పోతారులే అని చాలామంది మొక్కుబడిగా గీసి పడేశారు. మొన్న మొన్ననే చేరిన కొత్తమ్మాయి మాత్రం వారం రోజులు కాఫీకి కూడా లేవలేదు. శిక్షణ ఎప్పుడు మొదలని మూడుసార్లు అడిగింది. ఆ గది తలుపుకి లోపలివైపు గడియ ఉంటుందా అని కూడా అడిగింది. మేడమ్ నవ్వేసింది.

ఆఫీసులో అందరికీ పని నేర్పిన మాస్టారు ఆషామాషీ మనిషి కాదు. వడ్రంగి కొడుకు, కలపను చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. ఆయన బొమ్మలో కుర్చీ చేతులు అరిచేతుల రాపిడికి నునుపెక్కాయి. కిటికీ వైపు రంగు వెలిసింది, కాళ్ళ దగ్గర తడికి నల్లబడింది. చూడముచ్చటగా ముసలిదైంది. అయినా అందరి ఓట్లూ కొత్తమ్మాయి కుర్చీకే పడ్డాయి. దాంతో ఆయనకి ఒళ్ళు మండింది.

"పాతబడితే కుర్చీ ఇలా ఉండదమ్మాయ్," అన్నాడు. "కాలం మెల్లగా అరగదీస్తుంది. ఒకచోట చీల్చి, ఇంకోచోట విరిచి పెట్టదు. ఆ కాలు చూడు, విరిగితే తీగతో కట్టారు. ఊహించి గీసేవాళ్ళకి ఇవన్నీ తట్టవు. ఎదురుగా అసలు కుర్చీ ఉండి తీరాలి."

"ఉంది మాస్టారూ, మా ఇంట్లో. చూసి గుర్తుపెట్టుకుని గీశాను. ఫోటో తియ్యలేదు."

"రుజువేంటి?"

"పొరలు చూపిస్తాను." ఆమె గబగబా ఫైలు తెరిచింది. దొంగాటే అని తేలితే శిక్షణ మాస్టారుకి పోతుంది.

ఈ పనిలో గీసిన ప్రతి గుర్తూ ఒక విడి పొర. ఫోటో అతికిస్తే ఇలా విడివిడిగా రాదు. ప్రతి పొరకీ ఒక పేరు, పేరు పక్కన ఒక కన్ను బొమ్మ. కన్ను నొక్కితే గుర్తు కనిపిస్తుంది, మళ్ళీ నొక్కితే మాయమవుతుంది. ఆమె అన్ని కళ్ళూ మూసేసింది. తెర మీద కుర్చీ మళ్ళీ కొత్తదై మెరిసింది.

మొదటి కన్ను నొక్కింది. కుర్చీ ఎడమ చేతి మీద నిలువునా పగులు వచ్చింది. పొర పేరు 'టీ చల్లారింది'.

మేడమ్ పకపకా నవ్వింది. "టీ చల్లారితే కుర్చీ చెయ్యి పగులుతుందా?"

"పగిలిందండీ."

రెండోది నొక్కింది. వెనక కాలు విరిగి, తీగకట్టుతో నిలబడింది. పేరు 'బస్సు దొరకలేదు'.

"ఏం పేర్లమ్మా ఇవి!" అంది మేడమ్. "మేమైతే గీత ఒకటి, గీత రెండు అని పెట్టుకుంటాం."

"ఇలా అయితే మరిచిపోనండీ."

మూడోది నొక్కింది. కూర్చునే పలక అంచు కింద నాలుగు సన్నటి గీతలు, పక్కపక్కనే. పేరు 'నవ్వాను'.

"నవ్వితే గీతలు కూడా పడతాయా?" అంది మేడమ్. గది గదంతా గొల్లుమంది. కొత్తమ్మాయి కూడా నవ్వబోయి ఆగింది.

మాస్టారు నవ్వలేదు. తెర దగ్గరికి నడిచి, ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. ఉలి గీతలు కావు. మేకు గీతలూ కావు. తన నాలుగు వేళ్ళూ వంచి, గోళ్ళతో గాలిలో ఒకసారి గీరి చూసుకున్నాడు. ఆయన మొహంలో కోపం ఎటో పోయింది.

"పైన ఇంకో పొర ఉంది. దాని కన్ను తెరవలేదేం?"

"అది పోటీకి పెట్టలేదు మాస్టారూ. ఇవాళ పొద్దున వేశాను."

"చూపించమ్మా," అన్నాడు మెత్తగా.

ఆమె నొక్కింది. కుర్చీ వీపు పైమూల, కోసుగా ఉండే చోట, కలపలోకి ఇంకిపోయిన ముదురు మరక ఒకటి తేలింది. పేరు 'నిన్న'. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే తల వెనక్కి, జుట్టులోకి వెళ్ళి, చటుక్కున దిగింది. అది మాస్టారు ఒక్కడే చూశాడు.

"తప్పు నాదే మేడమ్," అన్నాడు. "ఇందులో ప్రతి గుర్తూ ఈ అమ్మాయిదే. శిక్షణకి తననే పంపండి. ఇవాళే పంపండి."

"సోమవారం కదా మొదలు, ఇవాళెందుకు?" మేడమ్‌కి ఇంకా నవ్వు ఆగలేదు. "సరేలెండి, గెలుపు తనదే. ఇంతకీ ఆ అసలు కుర్చీని నేను చూడాలమ్మాయ్. ముత్తాతల నాటిదై ఉంటుంది. ఎన్నేళ్ళుంటాయేం?"

బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. ఆమె ఉలిక్కిపడి దాని నోరు నొక్కింది.

"ఎనిమిది నెలలండీ," అంది. "మా పెళ్ళికి కొన్నాం."