మెత్తని పెడల్

"బ్రేకు ప్యాడ్లు మార్చమన్నాను గానీ, బండినిలా పరిచేయమన్నానా అన్నా?"

బేకరీ ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ముచ్చటపడి కొనుక్కున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, నాలుగు చక్రాలూ ఊడి స్టాండ్ల మీద ఉంది. తెల్లారితే ఆదివారం, దాన్ని రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్లాలి.

మేస్త్రి తల ఎత్తలేదు. ముందు చక్రం చోట చతికిలబడి, ఒక రబ్బరు పైపును వంచి చూపించాడు. పైపు నిండా సన్నటి పగుళ్లు.

"దీనికి నీ వయసుంటుంది తమ్ముడూ."

"పొద్దున అడిగితే, ప్యాడ్లేగా, మధ్యాహ్నానికి తీసుకెళ్లు అన్నావు."

"అన్నాను. అప్పటికి నువ్వు మిగతా కథ చెప్పలేదు."

నిజమే. ఆ కథ టీ తాగుతూ మాటల్లో పడి చెప్పాడు. ట్రాక్ మీద కార్లను నంబర్ల వరసలో వదులుతారు. బేకరీ ఆయనకు ముందు నంబరు ఎప్పుడూ ఒక తెల్ల కారుదే. "అందులో ఎవడో పిరికివాడన్నా. మలుపు అల్లంత దూరాన ఉండగానే బ్రేకు వేస్తాడు. మలుపు తిరిగాక మాత్రం చేతికి చిక్కడు. అందుకే బ్రేకు వేసేచోటే బంపరు దాకా వెళ్లి దడ పుట్టిస్తుంటా. పోయినసారి దడ నాకే పుట్టిందనుకో. పెడల్ మెత్తబడి ఒక్కసారిగా నేలకు తగిలింది. వాడికి జానెడు దూరంలో ఆగాను."

ఆ మాట దగ్గర మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి తాళాలు అడిగాడు.

అతన్ని అందరూ నస మేస్త్రి అంటారు. టైరుకు గాలి పట్టమన్నా బండి చుట్టూ తిరిగి పది వంకలు పెట్టే రకం. కానీ ఇవాళ్టి నస ఆ లెక్కలోది కాదు.

"ఈ బ్రేకు ఆయిలు చూడు, నల్లగా డికాక్షన్‌లా ఉంది. ఏళ్ల తరబడి తేమ పీల్చుకుంది. గట్టిగా బ్రేకు వేస్తే ఆ వేడికి లోపలే మరిగి బుడగలొస్తాయి. నువ్వు ఆ బుడగల్ని నొక్కుతుంటే బండెందుకు ఆగుతుంది?"

"వేడి సంగతి నాకు చెప్తావా? పొద్దస్తమానం ఓవెన్ ముందుంటా. సరే, ఆయిలు మార్చు. డిస్కులెందుకు?"

"సన్నబడ్డాయి. పెద్దవి, మధ్యలో గాలి ఆడేవి వేస్తున్నా. పైపులు కూడా స్టీలు అల్లికవి. సామాను ఖర్చు నీది, కూలీ వద్దు."

బేకరీ ఆయన అనుమానంగా చూశాడు. "నా బండి మీద మనసు పడ్డావా ఏంటి?"

"పడ్డాననుకో."

"అంత తతంగం రేపటికి కాదుగానీ, పక్క వీధి షెడ్డులో ప్యాడ్లు వేయించుకుని పోతాలే."

మేస్త్రి చేతిలో స్పానర్ ఆగింది. "ఎక్కడికీ పోవద్దు. సాయంత్రానికి ఇస్తాను." ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. పని పోతుందని భయం కాబోలు అనుకుని బేకరీ ఆయన మెత్తబడ్డాడు.

మేస్త్రి భార్య అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. బేకరీ ఆయన ఆవిడకు కూడా తెల్ల కారు కథ మొదటినుంచీ చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"అతను ముందే బ్రేకు వేస్తాడని తెలిసినప్పుడు మీరూ ముందే వేయొచ్చుగా?"

"అప్పుడు మజా ఏముంది వదినా?"

మేస్త్రి ఏదో అనబోయాడు. భార్య ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు. బేకరీ ఆయన నవ్వాపుకున్నాడు.

"పొద్దున్నే అక్కడ డ్రైవర్లందరికీ జాగ్రత్తలు చెప్తారటగా, వెళ్లరా?" అని అడిగింది ఆవిడ.

"మొదటి వాయి రొట్టెలు దింపి వెళ్లేసరికి అందరూ హెల్మెట్లు పెట్టుకుని వరసలో ఉంటారు. అది అవగానే మళ్లీ బేకరీకి పరుగు. అక్కడ ఎవరి మొహమూ నేనెరగను."

కొత్త సామాను బిగించాక పైపుల్లో గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి, ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు కింద నట్టు వదలాలి. బేకరీ ఆయన లేవబోతే, "నేను తొక్కుతాను" అని ఆవిడ చెప్పులు విడిచి సీట్లో కూర్చుంది.

"నొక్కు," అన్నాడు మేస్త్రి కింద నుంచి. "పట్టుకో. ఆ, వదులు."

నాలుగు చక్రాలూ అయ్యాయి.

"ఇంకా మెత్తగానే ఉంది," అంది ఆవిడ.

మేస్త్రి మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి అయ్యాక కూడా ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వదిన నీకంటే నస అన్నా," అన్నాడు బేకరీ ఆయన.

మూడోసారి ఆవిడ పెడల్‌ను బలంగా తొక్కి చాలాసేపు అలాగే ఉంచింది. "ఇప్పుడు రాయిలా ఉంది," అని దిగింది.

కొత్త ప్యాడ్లు డిస్కులకు పట్టాలి కదా. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోనిచ్చి, పూర్తిగా ఆపకుండా గట్టిగా బ్రేకు వేస్తూ మేస్త్రి తనే తిప్పి తెచ్చాడు. చల్లారాక చక్రాల నట్లు మళ్లీ బిగించాడు. అప్పుడు గానీ తాళాలు ఇవ్వలేదు.

బేకరీ ఆయన వీధి చివరి దాకా పోయి, బ్రేకు చూసుకుని, వెనక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గోడకు కొట్టినట్టు ఆగుతోందన్నా. రేపు ఆ పిరికివాడి సంగతి చూస్తా."

"దూరం పాటించు తమ్ముడూ," అన్నాడు మేస్త్రి.

"మళ్లీ నసా?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మేస్త్రి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. భార్య తువ్వాలు అందించి, మలుపు తిరుగుతున్న కారు వైపు చూస్తూ నిలబడింది. మేస్త్రి చేతులు తుడుచుకుని ఆమె పక్కకు వచ్చాడు.

"ఆ బండి రేపు నీ తెల్ల కారు వెనకాల ఆగుతుంది."