పగడాలకు గాలి

"మళ్ల ఏడు పాయింట్ ఆరే!"

అరుణ్ పీహెచ్ మీటరును తొట్టిలోంచి తీసి భార్య ముఖం ముందు పెట్టాడు. "మూడు దినాలాయె. రోజు పొద్దుగాల గిదే నంబరు. ఏం చూస్తున్నవ్ శిల్పా నువ్వు?"

"కిటికీలు తెరువుమని చెప్పిన. నువ్వు ఇన్నవా?"

పత్తి విత్తనాల వ్యాపారం బాగా కలిసొచ్చిన ఏడాది, 2008లో, అరుణ్ గద్వాలలోని తన ఇంటి ముందు హాలులో ఆరడుగుల ఉప్పునీటి తొట్టి పెట్టించాడు. సముద్రం ఎట్లుంటదో తెలియని ఊళ్లో బతికున్న పగడాలు! కంపెనీల వాళ్లు పనిగట్టుకుని చూడ్డానికి వచ్చేవారు. నీళ్లు వేడెక్కకూడదని హాలుకు ఏసీ బిగించి, వీధివైపు కిటికీలు రెండూ మేకులు కొట్టి మూసేశాడు.

తొట్టి కింద కాల్షియం రియాక్టర్ ఉంది. ఒక గొట్టం నిండా ఎండిన పగడపు ముక్కలు, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. ఆ గ్యాసు కలిసిన నీళ్లలో ముక్కలు కొద్దికొద్దిగా కరిగి, ఆ కాల్షియంతో పైన పగడాలు పెరుగుతాయి. నీళ్లలో గ్యాసు ఎక్కువైతే మాత్రం పీహెచ్ పడిపోతుంది. ఎనిమిది పాయింట్ రెండు ఉండాలి. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన శిల్పదే దాని ఆలనాపాలనా.

"కిటికీ తెరిస్తె దుమ్మంత లోపలికే," అన్నాడు అరుణ్. "పైగ కూలికి పోయేటోళ్లంత ఆడ నిలబడి అమ్మతోని ముచ్చట్లు పెడ్తరు. పెద్ద సార్లు వచ్చే ఇల్లిది."

హాలు మూలన మంచం మీద అతని తల్లి కిష్టమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తుంటి విరిగి ఆర్నెల్లయింది. రాత్రి పెట్టిన రొట్టె పళ్లెంలో అట్లాగే ఉంది.

"నా మాట నమ్మకుంటె బిలాల్‌ను పిలువ్," అంది శిల్ప. "తొట్టి పెట్టినోడే చెప్తడు."

బిలాల్ మర్నాడు మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి దిగాడు. గడియారం చూస్తూ గ్యాసు బుడగలు లెక్కపెట్టాడు.

"నిమిషానికి ముప్పై. గ్యాసు కరెక్టుగనే ఉంది అన్నా. మిషన్‌ల ఏం తప్పు లేదు." హాలంతా కలియజూశాడు. "రూమే మొత్తం బంద్ చేసిన్రు. మనుషులు ఇడిచే గాలి గూడ కార్బన్ డయాక్సైడే గద. అది ఈడనే తిరుగుతది, నీళ్లల్ల కలుస్తది. కిటికీలు తెరవున్రి. చల్లదనానికి నీళ్ల మీద ఫ్యాన్ పెట్టుకుంటె సరిపోతది."

"ఇంకో ఉపాయం లేదా?"

"సున్నపు తేట చుక్కచుక్కగ పడనియ్యొచ్చు. జర లేస్తది పీహెచ్. గని గాలి గాలే అన్నా."

"సున్నపు తేటే పోద్దాం," అన్నాడు అరుణ్.

"పోద్దాం," అంది శిల్ప. "రేపు పొద్దుగాల మీటరు నువ్వే పెట్టు."

రాత్రంతా సున్నపు తేట చుక్కలు పడ్డాయి. పొద్దున అరుణ్ మీటరు పెట్టాడు. ఏడు పాయింట్ ఏడు. పగడాలు ముడుచుకునే ఉన్నాయి. అతను తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

వెనక టక్కుమని చప్పుడైంది. తిరిగి చూస్తే శిల్ప చేతిలో సుత్తి ఉంది. కిటికీ మేకు ఒకటి కింద పడింది.

"ఏయ్! నేను వద్దన్న గద!"

"ఇన్ని దినాలు వద్దంటివి, ఆగిన. ఇగ ఆగ." ఆమె రెండో మేకుకు సుత్తి తగిలించింది. "కోపమొస్తె నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టు. పోయేముందు కిటికీలు మాత్రం తెరిచే పోత."

అరుణ్ లేచాడు. భార్య చేతిలో సుత్తి వంక, తొట్టి వంక చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆమె రెండు కిటికీలూ బార్లా తెరిచింది. వేడి గాలి, ఆటోల హారన్లు, నూనెలో వేగే మిరపకాయ బజ్జీల వాసన ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.

మర్నాటికి ఎనిమిది. ఆ మర్నాడు ఎనిమిది పాయింట్ రెండు. ముడుచుకున్న పగడాలు వేళ్లు చాపినట్లు విచ్చుకున్నాయి.

అరుణ్ ఆ నంబరును చూసి మురిసిపోతుండగా కిటికీ దగ్గర జమ్ములమ్మ ఆగింది. కిష్టమ్మతో పాటు ముప్పై ఏళ్లు పత్తి చేన్లలో కూలికి పోయిన మనిషి.

"ఓ కిష్టక్కా! ఉన్నవా, పోయినవా?"

"నువ్వు పోకముందు నేనెట్ల పోతనే?" మంచం మీంచి కిష్టమ్మ గొంతు ఖంగున మోగింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. "బిడ్డా శిల్పా, రెండు రొట్టెలు తే. ఆకలైతుంది."

అరుణ్ జమ్ములమ్మను గదమాయించబోయి, చేతిలో మీటరు చూసుకుని ఆగిపోయాడు.

"కిటికీలు ఎవ్వరు మూయొద్దు," అని గట్టిగా చెప్పి దుకాణానికి వెళ్లాడు.

ఇక అతను లేవకముందే లేచి గ్యాసు పెంచి, అతను మీటరు చూసి వెళ్లాక మళ్లీ తగ్గించే పని శిల్పకు తప్పింది.