పదకొండు జాగ్రత్తలు

"రబ్బరు బంతి ఎన్నిసార్లు నొక్కావు బావా?"

"లెక్కపెట్టలేదు."

"నొక్కితే కదా, లెక్కపెట్టడానికి!"

మరదలు అతని కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూసింది. కొయ్యముక్కల్లా ఉన్నాయి. విరిగిన మణికట్టుకు వేసిన పిండికట్టు విప్పి పది రోజులైంది. ఎముక అతుక్కుంది. వేళ్ళే అలిగి కూర్చున్నాయి.

అతను టైలరు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరికి కోటు కావాలన్నా కత్తెర పట్టేది అతనే. ఆమె అతని భార్యకు చెల్లెలు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. చేతులు, కాళ్ళు మళ్ళీ కదిలేలా వ్యాయామాలు చేయించడం ఆమె పని.

"ఆరు వారాలు టైముంది. ఈలోగా వంగాయా సరే. లేదంటే కత్తెర గోడకి తగిలించుకోవడమే." ఈ మాట మాత్రం నవ్వకుండా అంది.

అతని మొహం పాలిపోయింది. అయినా బింకం వదల్లేదు. "నొప్పి నీకేం తెలుసు! బంతి ముట్టుకుంటే ప్రాణం పోతోంది."

"సరే, బంతి వద్దు. ఆట ఆడు."

మర్నాడు తన ఇంట్లోంచి పాత కంప్యూటరు తెచ్చి కుట్టుమిషను పక్కన పెట్టింది. అందులో ఒక గేమ్. ఒక్కరే ఆడుకునేది. ఒక వీరుడు రాక్షసుల్ని చంపుకుంటూ, లెవెల్ పెంచుకుంటూ ముందుకు పోతాడు. ఒక్కో దెబ్బకీ ఒక్కో బటన్.

"వారానికి నాలుగు లెవెల్స్. ప్రతి ఆదివారం వచ్చి చూస్తా. ఎడమచేత్తో ఆడావో, అక్కకి చెబుతా."

మొదటి రాక్షసుడే అతన్ని పదిహేడుసార్లు చంపాడు. వేలు బటన్ దాకా వెళ్ళేలోపే వీరుడి తల నేలమీద దొర్లేది. "వెధవా! నీకు కోటు కొలతలు తీస్తానుండు" అని తెరని తిట్టాడు. అదీ పనిచెయ్యలేదు.

మూడోరోజు మధ్యాహ్నం కంప్యూటర్లో అదీ ఇదీ కెలుకుతుంటే, గేమ్ పక్కనే ఒక చిన్న ఫైలు కనబడింది. 'ఆడకుండా గెలవడం ఎలా: పదకొండు జాగ్రత్తలు.'

ఊపిరి బిగబట్టి చదివాడు. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే సేవ్ ఫైలు ఒకటుంటుందట. ఎడిటర్ అనే ప్రోగ్రాంతో దాన్ని తెరిచి వీరుడి లెవెల్, బలం అన్నీ మార్చేసుకోవచ్చట. ఎవరితోనూ పోటీ లేని ఆట కాబట్టి ఎవరి కొంపా మునగదు. తొందరపడితే మాత్రం ఫైలు పాడై వీరుడు మొదటికొస్తాడు.

ఇది ఎవరి తెలివో అతనికి ఇట్టే తెలిసిపోయింది. తోడల్లుడు! "పైకి నోట్లో వేలు పెడితే కొరకడు. లోపల ఎంత ఘటం!" అని మెచ్చుకున్నాడు.

ముందు గేమ్ మూసెయ్యాలి. సేవ్ ఫైలుకి మూడు కాపీలు తీసి మూడుచోట్ల పెట్టాలి. ఒకసారికి ఒక్క అంకే మార్చి, గేమ్ తెరిచి చూసుకుని, మళ్ళీ మూసి ఇంకోటి మార్చాలి. లెవెల్ ఒక్కటే పెంచితే గేమ్ పసిగడుతుంది. బలం, వేగం, ఓర్పు, కత్తి, డాలు, మందుసీసాలు, మొత్తం నలభై గడులూ దానికి తగ్గట్టు పెరగాలి. పేస్ట్ చెయ్యకూడదు. కీబోర్డుకి ఎడమ చివరనున్న రెండు బటన్లు ఎడమచేత్తో నొక్కిపట్టి, కుడిచివర ఉన్న అంకెల మీద కొట్టాలి. వదిలితే ఎడిటర్‌కి తాళం పడుతుంది. తప్పులు పడకుండా ఒక్కో వరసకి ఒక్కో వేలు కేటాయించుకోవాలి.

సుద్దగీత లేకుండా గుడ్డమీద కత్తెర పెట్టని మనిషి. జాగ్రత్తలు అతనికి కొత్తా? రోజూ మధ్యాహ్నం గంటన్నర కూర్చునేవాడు. వేళ్ళు లాగేవి. దొంగపనికి ఆమాత్రం కష్టం ఉండదా అని సర్దుకునేవాడు.

ఒకరోజు దురాశ పుట్టి బలం గడిలో వరసగా తొమ్మిదులు పేర్చాడు. గేమ్ తెరుచుకోనే లేదు. కాపీలు ఉండబట్టి బతికిపోయాడు.

"పొద్దస్తమానం ఆ పెట్టె ముందు ఏం చేస్తున్నారండీ?" భార్య అడిగింది.

"మీ చెల్లెలు చెప్పిందే చేస్తున్నా!"

ఆదివారం మరదలు వచ్చి చూసేది. "ఎనిమిదో లెవెలా! భలే బావా! ఏదీ, ఒక్క రాక్షసుణ్ణి చంపి చూపించు."

"ఇప్పుడే ఇరవైమందిని చంపి కూర్చున్నా. మళ్ళీనా?"

ఆమె ఇంకేం అడిగేది కాదు.

ఆరోవారం అక్కనీ, కత్తెరనీ వెంటబెట్టుకుని ఆస్పత్రికి రమ్మంది. వీరుడిది ఇరవై నాలుగో లెవెల్. టైలరు మాత్రం తాను ఇంకా మొదటి లెవెల్లోనే ఉన్నాననుకున్నాడు. అంకెలు దిద్దినంత తేలిగ్గా చెయ్యి దిద్దుకోలేదుగా! ఇన్ని వారాల్లో ఒక్కరోజూ ఒళ్ళు వంచింది లేదు. కత్తెర జారిందా, దొంగతనం బయటపడటమే కాదు, బతుకుతెరువే పోతుంది.

మరదలు బల్లమీద సుద్దగీత గీసిన నల్లటి కోటుగుడ్డ పరిచి, అతని పెద్ద కత్తెర పక్కన పెట్టింది. "చంక గుండ్రం కత్తిరించు బావా."

అతను ఒకసారి కళ్ళు మూసి తెరిచి పట్టుకున్నాడు. వేళ్ళు కత్తెర చుట్టూ తిరిగాయి. బిగిశాయి. కరకరమని గుడ్డ తెగింది. గుండ్రం ఎక్కడా వంకర పోలేదు.

కాసేపు తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా మీసాల మాటున నవ్వుకున్నాడు.

"పుట్టుకతో వచ్చిన పనితనం మరదలా! మీ వ్యాయామాలూ గియ్యాయామాలూ ఉత్తవే."

"అంతే బావా. ఏదో మా పిచ్చి." ఆమె తల దించుకుంది.

అతను కత్తెర ఆడించుకుంటూ బయటికి నడిచాడు. "మీ చెల్లెలి చదువంతా దండగే" అని వరండాలో భార్యతో అంటున్న మాటలు లోపలికి వినిపించాయి.

మరదలు తలుపు మూసి, అతని కేసు కాగితం తీసి, 'చేయించిన వ్యాయామాలు' అని ఉన్నచోట, తాను రాసి కంప్యూటర్లో పెట్టిన ఆ పదకొండు జాగ్రత్తల్నీ పొల్లుపోకుండా ఎక్కించింది.